కూర్చోనిచ్చే గొట్టం

లైసెన్సుల శాఖ మంత్రిగారు తన అంగరక్షకులు నలుగురినీ ప్రజలకి తిరిగి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు.

"వాళ్ళు ప్రజల సొత్తు. నా ప్రాణం నేను కాపాడుకుంటాను. దానికి ఒక్క రివాల్వర్ చాలు. అదైనా కొత్తది వద్దు. ఎవరో వాడి వదిలేసిన పాతది చాలు. ఆడంబరం నాకు గిట్టదు" అన్నారు. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆయన గొంతు రెండుచోట్ల పూడుకుపోయింది. మూడోచోట కూడా పూడుకుపోయిందట గానీ అప్పుడు మైకు పనిచెయ్యలేదు.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఇదే మొదటి పేజీ వార్త. మీరూ చదివే ఉంటారు. ఎవరో వాడి వదిలేసినదాన్ని చులకనగా చూడకపోవడం మంత్రిగారి స్వభావంలోనే ఉంది. ఇప్పుడున్న పార్టీలోకి ఆయన కూడా మరో రెండు పార్టీలు వాడి వదిలేశాకే వచ్చారు. అందుకే ఆ ప్రకటన చదివిన వాళ్ళెవరికీ అది నటన అనిపించలేదు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది మా బావ. ఊళ్ళో పాత తుపాకులు కొని, బాగుచేసి, అమ్మే దుకాణం మాదొక్కటే. దుకాణం బావది, బాగుచేసే చేతులు నావి. మా అక్క కౌంటరు చూసుకుంటుంది, మా ఇద్దర్నీ కూడా చూసుకుంటుంది. ఆ దుకాణం లైసెన్సు గడువు తీరిపోయి ఎనిమిది నెలలైంది. గడువుకి నెల ముందే రెన్యూవల్‌కి పెట్టుకున్నాం. మా ఫైలు ఆఫీసులో ఉన్న బల్లలన్నీ ఎక్కి దిగి, చివరికి మంత్రిగారి బల్ల ఎక్కి, ఆయన సంతకం ఒక్కటి తక్కువై అక్కడే స్థిరపడిపోయింది. ఆ సంతకం పడేదాకా మేం ఒక్క తుపాకీ కూడా అమ్మకూడదు. బావ కాళ్ళరిగేలా తిరిగాడు. నేనేమో వీధిలో వాళ్ళ తాళాలూ కుట్టుమిషన్లూ బాగుచేస్తూ ఇల్లు నెట్టుకొస్తున్నాను.

"ఆయన మన దగ్గరికే రావాలిరా. ఇంకెక్కడికి పోతాడు? వచ్చాడంటే సంతకం పడ్డట్టే" అన్నాడు బావ, పత్రిక మడిచి జేబులో పెట్టుకుంటూ.

"వస్తే రానీండి. సంతకం పడ్డాక సంబరపడదాం" అంది అక్క.

మూడోరోజే మంత్రిగారి పీయే వచ్చాడు. చేతిలో రెండు ఫోన్లు, చంకలో ఒక ఫైలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డబుల్ యాక్షన్ ఉందా?" అన్నాడు.

"ఉన్నాయండీ" అన్నాను.

"సార్‌కి డబుల్ యాక్షనంటే పడిచచ్చేంత ఇష్టం. ఆ సినిమాలొస్తే ఒక్కటీ వదలరు. ఇందులో రెండో వేషం ఎవరిది?"

"వేషం కాదండీ. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే రెండు పనులు జరుగుతాయి. ముందు వెనకనున్న సుత్తి లేస్తుంది, అదే నొక్కులో సుత్తి కొడుతుంది."

పీయే పెన్ను ఆగిపోయింది. "సుత్తి కొట్టడం అనే మాట ప్రెస్‌నోట్‌లో వద్దు. సార్ ఉపన్యాసం గురించి అనుకుంటారు."

"మరేం రాస్తారండీ?"

"ఒకే చర్యతో ద్విముఖ ఫలితం" అని పైకి చదువుతూ రాసుకున్నాడు.

బావ చేతులు నలుపుకుంటూ మా ఫైలు సంగతి ఆయన చెవిన వేశాడు. సంతకం పడకపోతే అమ్మడానికి మాకు హక్కు లేదని కూడా చెప్పాడు.

"అమ్మమని ఎవరన్నారండీ? ఇప్పుడు జరుగుతున్నది ఎంపిక" అన్నాడు పీయే. "మీ ఫైలు తప్ప సార్ మనసులో ఇంకో ఫైలే లేదు. రివాల్వర్ పట్టుకుని చూస్తారు, ఆ చేత్తోనే సంతకం పెడతారు. సరే, గొట్టాల్లో రకాలెన్ని?"

నేను లోపల్నుంచి నాలుగు రివాల్వర్లు తెచ్చి గుడ్డ మీద వరసగా పరిచాను. సన్నగొట్టం అంటే మొదట్లో కాస్త మందంగా ఉండి చివరికొచ్చేసరికి సన్నబడుతుంది. లావుగొట్టానికి కింద కూడా పొడుగునా ఇనుము నిండి ఉంటుంది, అది ముందుకి బరువు తూగుతుంది, పేలినప్పుడు ఎగరదు. పొడవుల్లో రెండంగుళాలు, నాలుగంగుళాలు, ఆరంగుళాలు ఉంటాయి. ఇదంతా విన్నాక పీయే మొహం పాలిపోయింది.

"రెండు మందాలు, మూడు పొడవులు. అంటే ఆరు రకాలు! ఇది ఒక్క మనిషి నెత్తినేసుకునే నిర్ణయం కాదండీ. కమిటీ వెయ్యాలి" అన్నాడు.

కమిటీ నాలుగు రోజుల్లో పడింది. మా ఫైలు ఎనిమిది నెలలైనా తేలని ఆఫీసులోనే ఇంత చురుకుదనం దాగుందని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. ఉత్తర్వు అచ్చ తెలుగులో ఉండాలని పైనుంచి ఆదేశం ఉందట. అందుకని బ్యారెల్ అనే మాట కొట్టేసి గొట్టం అని రాశారు. 'గొట్టం ఎంపికలో అనుభవజ్ఞుడైన నిపుణుణ్ణి నియమించవలసినది' అని కింది ఆఫీసుకి పంపారు. కింది ఆఫీసు వాళ్ళు గొట్టాల అనుభవం ఎవరికుందో వెతికి, మంచినీళ్ళ సరఫరా శాఖ నుంచి ఒక ఇంజనీరుగారిని పంపించారు.

ఆయన రిటైర్మెంటుకి ఇంకో నాలుగు నెలలుంది. ముప్పైరెండేళ్ళు నీళ్ళగొట్టాలతోనే గడిపిన మనిషి. జేబులో టేపూ, నాలుగు రబ్బరు వాషర్లూ వేసుకుని వచ్చాడు. రివాల్వర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి ప్రశ్న వేశాడు.

"లీకేజీ ఉందా?"

నేను తెల్లబోయాను. ఎందుకంటే పాత రివాల్వర్ కొనేవాడు అడగవలసిన ప్రశ్న అదే. "ఉంటుందండీ. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సందుంటుంది. పేలినప్పుడు అందులోంచి కాస్త పొగ, మంట బయటికి కొడతాయి. సందు వెంట్రుక మందం ఉంటే మంచిది. అంతకి మించితే ఆ రివాల్వర్ జోలికి పోకూడదు."

"వెంట్రుక మందమా!" అన్నాడాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "మా మెయిన్ పైపులో చెయ్యి పడుతుందండీ."

ఆయనంటే నాకప్పుడే అభిమానం పుట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో రివాల్వర్ గురించి తెలివైన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. ఆ రోజంతా నేను పలచటి ఇనప రేకులు సందులో దూర్చి కొలుస్తుంటే ఆయన పక్కనే కూర్చుని అంకెలు రాసుకున్నాడు. సాయంత్రం వెళ్ళేముందు మా కొళాయికి వాషరు కూడా మార్చి వెళ్ళాడు.

మంత్రిగారు వచ్చిన రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క గోడమీదున్న పాత లైసెన్సు ఫ్రేముని తడిగుడ్డతో తుడిచింది. దాని పక్కన కొత్తది పెట్టడానికి మేకు కూడా ముందే కొట్టి ఉంచింది. మంత్రిగారితో పాటు పీయే, ఇంజనీరుగారు, ఒక ఫోటోగ్రాఫర్ లోపలికి వచ్చారు. వదిలేసిన అంగరక్షకులు నలుగురూ అలవాటు కొద్దీ గుమ్మం బయట నిలబడ్డారు.

మొదట రెండంగుళాల గొట్టం. మంత్రిగారు దాన్ని నడుముకి పెట్టుకోగానే అది పొట్టకింద ఎక్కడో మాయమైపోయింది.

"సార్, కనిపించట్లేదు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"కనిపించకపోతే ప్రజలకి ధైర్యం ఎలా వస్తుందయ్యా? తీసెయ్యి" అన్నారు మంత్రిగారు.

తర్వాత ఆరంగుళాల లావుగొట్టం. దాన్ని కట్టుకుని నిలబడితే ఆయన ఎంత గంభీరంగా ఉన్నారంటే, ఫోటోగ్రాఫర్ వరసగా పదకొండు ఫోటోలు తీశాడు. ఇంజనీరుగారు కూడా ఒకడుగు వెనక్కి వేశాడు. ఎంపిక పూర్తయిపోయిందనుకున్నాం. మంత్రిగారు తృప్తిగా వెళ్ళి కౌంటరు పక్కనున్న కుర్చీలో కూర్చోబోయారు. గొట్టం కొస కుర్చీని తన్నింది, పిడి పైకి లేచి పక్కటెముకల్లో పొడిచింది. ఆయన లేచారు. చొక్కా సర్దుకుని మళ్ళీ కూర్చోబోయారు. మళ్ళీ పొడిచింది.

ఫోటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

"కుర్చీలో కూర్చోనివ్వని ఆయుధం నాకెందుకయ్యా?" అన్నారాయన. ఆ గొంతులో అసలైన భయం ఉంది. అంగరక్షకుల్ని వదిలేస్తున్నానని చెప్పినప్పుడు కూడా ఆయన గొంతు అలా వణకలేదు. నాకు నిజంగా జాలేసింది.

ఇక మిగిలినవి నాలుగంగుళాలవి, సన్నదొకటి, లావుదొకటి. మంత్రిగారు రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు.

"సన్నది మరీ చిక్కిపోయినట్టుంది. నా హయాంలో గొట్టాలు కూడా చిక్కిపోయాయంటారు. లావుది చూస్తేనేమో బాగా మేసినట్టుంది. ఎవరి సొమ్ము మేసిందని అడుగుతారు. ఏంటయ్యా చెయ్యడం?"

పీయే తల గోక్కున్నాడు. ఇంజనీరుగారు వినయంగా ముందుకొచ్చి, "సన్నది బరువు తక్కువ సార్. నడుముని లాగదు. ఎక్కువసేపు కూర్చోవచ్చు" అన్నాడు.

మంత్రిగారి మొహం విప్పారింది. "ఎంతసేపు?"

"ఐదేళ్ళు కూర్చోవచ్చు సార్" అన్నాడు పీయే.

మంత్రిగారు సన్నగొట్టం కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. కాలు మీద కాలు వేసుకుని చూశారు, పక్కకి ఒరిగి చూశారు, సభలో నిద్రపోయే భంగిమ కూడా పెట్టి చూశారు. ఎక్కడా పొడవలేదు. 'ప్రజాసేవకు ఆటంకం కలిగించని గొట్టం' అని పీయే అప్పటికప్పుడే రాసేసుకున్నాడు.

వృత్తిధర్మం కాబట్టి ఆ రివాల్వర్ని నేను ఆయన ఎదుటే పరీక్ష చేశాను. చక్రం ఖాళీ అని చూపించాను. ట్రిగ్గర్ నొక్కిపట్టి చక్రాన్ని కదిపితే ఇటు అటు ఆడలేదు. ఒక తెల్లకాగితం ముక్క వెనక పెట్టి గొట్టంలోంచి చూస్తే లోపల అద్దంలా మెరిసింది. మరలు ఒక్కటి కూడా నలగలేదు. ముప్పై ఏళ్ళు ఒక బ్యాంకు గుమ్మంలో కాపలా కాసి, అవసరానికి ఒక్కసారి కూడా పేలని రివాల్వర్ అది. మా దగ్గరున్న వాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు, నాకు అదంటే ప్రాణం.

"దీని పాత యజమాని ఏ పార్టీ?" అన్నారు మంత్రిగారు.

"పార్టీ లేదండీ. బ్యాంకు కాపలాదారుడు."

"ఏ బ్యాంకు? ఓటు బ్యాంకా?"

అందరూ నవ్వారు. ఫోటోగ్రాఫర్ రెండుసార్లు నవ్వాడు. ఆ నవ్వు సందులో బావ ధైర్యం తెచ్చుకుని, "అయ్యా, మా ఫైలు..." అన్నాడు.

"పొద్దున్నే సంతకం పెడతానయ్యా. ముందు బిల్లు రాయి."

"లైసెన్సు రెన్యూ కాలేదండీ. ఇప్పుడు బిల్లు రాస్తే తప్పవుతుంది."

"బిల్లు లేకుండా పట్టుకెళ్తే లంచం అంటారండీ. సార్ నిజాయితీ ఏం కావాలి?" అన్నాడు పీయే.

మంత్రిగారు బావ భుజం మీద చెయ్యి వేశారు. "లైసెన్సు ఇచ్చేవాణ్ణి నేనే నీ ఎదురుగా ఉండగా, ఇంకా లైసెన్సు ఎందుకయ్యా నీకు?"

ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి కోసమే ఎదురుచూసిన మనిషి మా బావ. కరిగిపోయాడు. పుస్తకం తీసి, తేదీ వేసి, అక్షరాలు దిద్దినట్టు బిల్లు రాశాడు. సరిగ్గా అప్పుడే వెనకగదిలోంచి వచ్చిన అక్క అది చూసి కెవ్వుమంది.

"ఏమండీ! ఏ గొట్టంగాడు చెప్పాడండీ మీకు, లైసెన్సు లేకుండా బిల్లు రాయమని?"

ఇంజనీరుగారు కంగారుగా లేచి నిలబడ్డాడు. "గొట్టం తరఫున వచ్చింది నేనేనమ్మా. కానీ బిల్లు మాట నేనన్లేదు."

మంత్రిగారు అప్పటికే బిల్లూ రివాల్వరూ పట్టుకుని కారెక్కేశారు.

రెండ్రోజుల తర్వాత పోలీసుల ఫైరింగ్ మైదానంలో బహిరంగ ప్రదర్శన పెట్టారు. సంతకం మాత్రం ఇంకా పడలేదు, ప్రదర్శన కాగానే అన్నారు. యాభై అడుగుల దూరంలో ఒక చెక్క పలక నిలబెట్టి, దానిమీద ఎర్రరంగుతో 'అవినీతి' అని రాశారు. చప్పట్ల మధ్య మంత్రిగారు సన్నగొట్టాన్ని దానికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కారు.

ట్రిగ్గర్ కదల్లేదు.

డబుల్ యాక్షన్‌తో వచ్చిన చిక్కే అది. ఒక్క వేలు రెండు పనులు చెయ్యాలి కాబట్టి నొక్కు గట్టిగా ఉంటుంది. మంత్రిగారి వేలు కాలింగ్ బెల్లు కంటే గట్టివాటిని నొక్కి చాలా కాలమైంది. రెండో చేతి వేలు కూడా సాయం తెచ్చుకున్నారు. మొహం ఎర్రబడింది. సుత్తి సగందాకా లేచి మళ్ళీ పడుకుంది.

నేను దగ్గరికి వెళ్ళి, "బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగండి సార్. అప్పుడు ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది" అని గుసగుసగా చెప్పాను.

"అలా లాగితే అది సింగిల్ యాక్షన్ కాదూ?"

"అవునండీ, సింగిలే."

"నేను డబుల్ అని ప్రకటించాను" అన్నారాయన, పళ్ళబిగువున.

ఇచ్చిన మాట మీద అంత గట్టిగా నిలబడిన నాయకుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. అలా నాలుగు నిమిషాలు నిలబడ్డారు. పీయే ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. చివరికి మంత్రిగారు రివాల్వర్ దించి, "నా మనసొప్పట్లేదు. ఆ పలక కూడా ప్రజల సొత్తే" అని కారెక్కారు. అవినీతి చెక్కుచెదరకుండా అక్కడే నిలబడి ఉంది. సాయంత్రం నుంచీ టీవీల్లో ఆయన వేలికి బాణంగుర్తు పెట్టి, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ చూపించారు. ఊరంతా పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున బావ మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, సంతకానికి వెళ్దామని. అంతలో టీవీలో మంత్రిగారు ప్రత్యక్షమయ్యారు.

"మూడు వారాలుగా నేను ప్రాణాలకి తెగించి ఒక రహస్య ఆపరేషన్ నడిపాను. ఈ ఊళ్ళో లైసెన్సు లేకుండా ఆయుధాలమ్మే దుకాణం ఒకటుంది. దాని గుట్టు రట్టు చేశాను" అన్నారు.

"ఆ సమాచారం మీకెక్కడ దొరికింది సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"నా బల్లమీదే దొరికింది. ఎనిమిది నెలలుగా ఆధారాలన్నీ నా దగ్గరే భద్రంగా దాచాను."

"వాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టలేదా సార్?"

"ఎలా గుర్తుపడతారు? అనుమానం రాకూడదని మంత్రి వేషంలోనే వెళ్ళాను."

"మరి నిన్న ట్రిగ్గర్ ఎందుకు నొక్కలేదు సార్?"

"సాక్ష్యం అది. పేలిస్తే పాడైపోదూ?" అని ఆయన మా బిల్లు పైకెత్తి చూపించారు. బావ గుండ్రటి చేతిరాత టీవీలో కూడా ఎంతో ముచ్చటగా ఉంది.

బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "మన సంగతి కాదేమోరా. ఊళ్ళో ఇంకో దుకాణం ఉందేమో" అన్నాడు నాతో. అప్పుడే బయట జీపు ఆగింది.

మిగతాది మీరు పత్రికల్లో చదివిందే. ఆయుధాల ముఠా ఆయన మీద పగబట్టిందని అంగరక్షకుల్ని నలుగురి నుంచి ఎనిమిది మందిని చేశారు. ఆ ముఠా అంటే నేనూ, బావా. అక్క పరారీలో ఉందని రాశారు. ఆవిడ రోజుకి మూడుసార్లు స్టేషన్‌కి మాకు టీ తెచ్చిస్తూనే పరారీలో ఉంది. స్టేషన్‌కి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన బయటివాడు ఇంజనీరుగారొక్కడే. తన రిపోర్టులో 'లీకేజీ వెంట్రుక మందం, సంతృప్తికరం' అని ఉన్నదున్నట్టే రాశానని మాకు చూపించి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

పదోరోజున బెయిలు మీద వదిలారు. ముగ్గురం దుకాణం దగ్గరికి వెళ్ళాం. తాళానికి గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. నా పనిముట్లన్నీ లోపలే ఉండిపోయాయి. ముప్పై ఏళ్ళు నా చేత్తో తీసిన తాళం అది. దాన్ని ముట్టుకోకూడదట. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. బావ ఏడవలేదు, మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడే పోస్టుమాన్ వచ్చి, సైకిలు దిగి, ఒక కవరు తీశాడు. లైసెన్సుల శాఖ నుంచి రిజిస్టర్డ్ పోస్టు, బావ పేరు మీదే.

బావ గబగబా లేచి చెయ్యి చాపాడు. పోస్టుమాన్ ఇవ్వలేదు.

"షాపు లోపలే ఇవ్వాలండీ. ఇదిగో, కవరు మీదే రాశారు, లైసెన్సు గల ఆవరణలో మాత్రమే అందజేయవలెను అని."

"ఆ ఆవరణకి సీలేశారు కదయ్యా" అంది అక్క.

"అదే చూస్తున్నానమ్మా" అని అతను జేబులోంచి పెన్ను తీసి, కవరు మీద 'తలుపు మూసి ఉన్నది, తిరుగు టపా' అని రాశాడు. అతని తప్పేమీ లేదు.

"తీసుకెళ్ళు నాయనా, నీ ఉద్యోగం నువ్వు చెయ్యి" అన్నాడు బావ. "ఒక్క సాయం చెయ్యి. ఆ కవరు ఒక్కసారి ఎండకి అడ్డంగా పట్టుకో. సంతకం పడిందో లేదో చూసుకుంటాం."

పోస్టుమాన్ మంచివాడు. కవరుని రెండు చేతులతో ఎత్తి ఎండకి పట్టుకున్నాడు. మేం ముగ్గురం తలలు దగ్గరగా పెట్టి చూశాం. కాగితం పలచనిది. మడతల మధ్య పచ్చసిరాతో పెద్ద సంతకం స్పష్టంగా కనిపిస్తోంది.

"కింద తేదీ కూడా వేశారు" అన్నాను. జీపు వచ్చిన రోజు తేదీ అది.

"ఎంత బాగా పెట్టాడో చూశావురా" అన్నాడు బావ, కళ్ళు తిప్పుకోకుండా. "ఎక్కడా చెయ్యి వణకలేదు."

పోస్టుమాన్ చేతులు నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, తర్వాత కవరు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.